పదుల కట్ట విప్పుట

ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు 5.2 నుండి 3.7 తీసివేసి 2.5 అని వ్రాస్తాడు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో గీటు పెట్టి, ప్రక్కన 'అశ్రద్ధ' అని వ్రాస్తాడు. ప్రతి ఉన్నత పాఠశాలలోను ఏటేటా జరిగే సంగతే యిది. అయితే ఆ విద్యార్థి అశ్రద్ధ చేయలేదు. తనకు తెలిసిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ పద్ధతి అతనికి రెండవ తరగతిలో పట్టుబడింది. అప్పటి నుండి దానిని విప్పి చూచినవారు లేరు.

కాబట్టి ఉన్నత పాఠశాలలో గణితం చెప్పేవారు అప్పుడప్పుడు ప్రాథమిక పాఠశాల గుమ్మంలోకి తొంగి చూడడం మంచిది. ఈ నెలలో అక్కడ రెండవ తరగతి గదిలో జరిగే పాఠం చూడడానికి చాలా చిన్నది. నల్లబల్ల మీద 42, దాని క్రింద 17, క్రింద ఒక గీత. అంతే. కాని ఈ చిన్న లెక్కలో పిల్లవాడు దాటవలసిన మెట్టు చిన్నది కాదు. మానవజాతి దానిని దాటడానికి కొన్ని వేల సంవత్సరాలు పట్టింది. మనం ఏడేండ్ల పిల్లవానికి కొన్ని వారాలు మాత్రమే ఇస్తున్నాము.

ఆ మెట్టు వద్ద ఎందరు ఆగిపోతున్నారో తెలిపే లెక్కలు ఉన్నవి. మన దేశంలోని గ్రామీణ బాలల చదువును ఇంటింటికీ వెళ్ళి పరీక్షించే 'అసర్' నివేదిక ప్రకారం, రెండంకెల సంఖ్య నుండి రెండంకెల సంఖ్యను తీసివేయగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 28.2 మంది, 2022లో 25.9 మంది, 2024లో 33.7 మంది. అనగా ముగ్గురిలో ఒక్కరు. అదే నివేదికలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగల ఎనిమిదవ తరగతి పిల్లలు 2024లో నూటికి 45.8 మంది మాత్రమే. ఈ రెండు అంకెలకు సంబంధం లేదనుకోవడం పొరపాటు. భాగహారంలో అడుగడుగునా తీసివేత ఉన్నది. తీసివేతలో స్థాన విలువ ఉన్నది. అడుగున ఒక ఇటుక కదిలితే పై వరుస నిలవదు.

ఇంతకూ 42లో పిల్లవాడు తెలుసుకోవలసినది ఏమిటి? 4 అనే అంకె ఇక్కడ నాలుగు కాదు, నలభై. దాని విలువ దాని రూపంలో లేదు. అది కూర్చున్న చోటులో ఉన్నది. పెద్దలకు ఇది ఎంతగా అలవాటైపోయిందంటే, ఇందులో తెలియకపోవడానికి ఏమున్నదని ఆశ్చర్యపోతారు. అట్టివారు ఈ చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. అమెరికాలో కాన్‌స్టన్స్ కామీ అనే విద్యాశాస్త్రజ్ఞురాలు 1980ల దశకంలో ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష ఇది. మన ఇండ్లలో చింతగింజలతో చేయవచ్చును.

మొదటి తరగతి గాని, రెండవ తరగతి గాని చదివే పిల్లవాని ముందు 16 చింతగింజలు పోసి లెక్కపెట్టమనండి. 'పదహారు' అంటాడు. కాగితం మీద వ్రాయమనండి. 16 అని వ్రాస్తాడు. అప్పుడు 6 చుట్టూ సున్న చుట్టి, 'ఈ ముక్కకు సరిపడా గింజలు చూపించు' అనండి. ఆరు గింజలు ప్రక్కకు జరుపుతాడు. తరువాత 1 చుట్టూ సున్న చుట్టి అదే ప్రశ్న అడగండి. కామీ పరీక్షించిన చిన్న పిల్లలలో చాలామంది ఒక్క గింజనే చూపించారు. మిగిలిన తొమ్మిది గింజలు అక్కడే పడి ఉన్నా వారికి ఏ సందేహమూ కలుగలేదు. ఆ పిల్లలు తెలివితక్కువవారు కారు. పదహారు వరకు లెక్కపెట్టగలరు, వ్రాయగలరు, చదువగలరు. వారి దృష్టిలో 16 అనేది పదహారు అనే మాటకు ఒక బొమ్మ. ఆ బొమ్మలో రెండు గీతలు ఉన్నవి, అంతే. బొమ్మలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క విలువ ఉన్నదని ఎవరూ చూపలేదు.

ఇప్పుడు అట్టి పిల్లవాడు 42 – 17 అనే లెక్క ఎట్లా చేస్తాడో ఊహించండి. అతనికి అవి రెండు సంఖ్యలు కావు. నాలుగు అంకెలు, రెండు నిలువు వరుసలు. కుడి వరుసలో 2, 7. పెద్దదాని నుండి చిన్నదానిని తీసివేయవలెనని మొదటి తరగతిలో చెప్పారు గదా! ఏడులో రెండు పోతే ఐదు. ఎడమ వరుసలో నాలుగులో ఒకటి పోతే మూడు. జవాబు 35. పైన మనం చూచిన 2.5 కూడా ఈ దారిన వచ్చినదే. మధ్యలో ఒక చుక్క చేరింది.

ఇట్టి తప్పులకు అశ్రద్ధ కారణం కాదని గట్టిగా చూపించినవారు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు. 1978లో ప్రచురించిన పరిశోధనలో వారు పిల్లల తీసివేత లెక్కలను కంప్యూటరు సహాయంతో పరిశీలించారు. చాలామంది పిల్లల తప్పులు ఇష్టం వచ్చినట్లు జరిగినవి కావనీ, ఒక్కొక్క పిల్లవాడు ఒక తప్పు సూత్రాన్ని నిలకడగా పాటిస్తున్నాడనీ వారు గ్రహించారు. ఆ సూత్రాన్ని కనిపెడితే, అతడు రేపటి లెక్కలో ఏ తప్పు చేస్తాడో ముందుగానే చెప్పవచ్చును. తీసివేత ఒక్కదానిలోనే నూటికి పైగా ఇట్టి సూత్రాలను వారూ, వారి వెనుక వచ్చినవారూ పట్టుకొన్నారు.

ఉదాహరణకు 403 నుండి 128 తీసివేయమనండి. ఒకడు 325 అంటాడు. వీనికి పట్టినది పైన చెప్పిన జబ్బే: ఏ వరుసలోనైనా పెద్ద అంకెలో నుండి చిన్న అంకె. మరొకడు 225 అంటాడు. మధ్యనున్న సున్న వద్ద తేవడానికి ఏమీ లేదు గనుక, దానిని దాటి వెళ్ళి 4 వద్ద నుండి ఒకటి తెచ్చి నేరుగా 3కు ఇచ్చాడు. 13లో 8 పోతే 5. సున్నలో 2 పోదు గనుక దానిని తిరగవేసి 2. మూడులో ఒకటి పోతే 2. మూడవవాడు 375 అంటాడు. సున్నను 9గా మార్చవలెనని వీనికి జ్ఞాపకం ఉన్నది, కాని ఆ తొమ్మిది ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు గనుక 4ను తగ్గించడం మరచాడు. సరియైన జవాబు 275. మూడు తప్పులకూ ఒకే ఎఱ్ఱ గీటు పెట్టి, మూడు పర్యాయాలు చేసి రమ్మంటే ఏమి లాభం? వాడు ఆ తప్పునే మూడు పర్యాయాలు సాధన చేసి వస్తాడు. 'ఇది ఎట్లా చేశావు నాయనా, నాకు చెప్పు' అని అడిగితే రెండు నిమిషాలలో జబ్బు బయటపడుతుంది. ఏబది మంది ఉన్న తరగతిలో అందరినీ అడగడం కష్టమే. కాని ఒకే తప్పు జవాబు వ్రాసినవారిని ఒక చోట చేర్చితే పది మందిని ఒకేసారి అడగవచ్చును.

ఇక మందు సంగతి. మందు చాలా పాతది, చాలా చౌకయైనది: చీపురు పుల్లలు, కాస్త దారం.

ఒక్కొక్క పిల్లవానికి వంద పుల్లలు ఇచ్చి, పదేసి లెక్కపెట్టి కట్ట కట్టమనాలి. కట్ట కట్టడం అతడే చేయవలెను. అంగడిలో కొన్న తయారు కట్టలు, రంగు రంగుల ప్లాస్టిక్ కడ్డీలు దీనితో సరి కావు. ఎందుకంటే లోపల పది ఉన్నవని చేతికి తెలియవలెను. అవసరమైనప్పుడు అది విడిపోవలెను. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు: ఇది 42. ఇప్పుడు 17 పుల్లలు ఇమ్మని అడగండి. ఒక కట్ట ఇస్తాడు. ఇంకా ఏడు ఇవ్వవలెను. చేతిలో మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ఉన్నవి. కొంత సేపు చూస్తాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట దారం విప్పుతాడు. రెండు విడి పుల్లలు పన్నెండు అయినవి. ఏడు ఇస్తాడు. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలినవి: 25.

అతడు చేసిన పని గమనించండి. మొదట కట్ట ఇచ్చాడు. తరువాత విడి పుల్లల సంగతి చూచాడు. అనగా ఎడమ నుండి కుడికి వెళ్ళాడు. కాగితం మీద మనం కుడి నుండి ఎడమకు వెళ్ళమంటాము. ఇందులో ఒక దానిని తప్పనడానికి వీలు లేదు. కుడి నుండి వెళితే వ్రాసినది కొట్టివేయనక్కర లేదు, అదే దాని సౌకర్యం. ఈ సౌకర్యం కోసం పెట్టిన నియమాన్ని గణిత సత్యమని పిల్లలకు భ్రమ కల్పించరాదు.

అతడు ఎవరి వద్దా అప్పు చేయలేదనేది ఇంకా ముఖ్యమైన విషయం. మన బడులలో తరతరాలుగా చెప్పే మాట ఒకటి ఉన్నది: 'రెండులో ఏడు పోదు. ప్రక్క ఇంటి నుండి ఒకటి అప్పు తెచ్చుకో.' ఈ మాట విన్న బుద్ధిమంతుడైన పిల్లవానికి కొన్ని న్యాయమైన ప్రశ్నలు కలుగుతవి. ఒకటి అప్పు తెస్తే రెండు మూడు కావలెను గదా, పన్నెండు ఎట్లా అయింది? తెచ్చిన అప్పు తీర్చేది ఎప్పుడు? పుల్లలలో ఈ చిక్కులు లేవు. కట్ట తనదే, విప్పినదీ తనదే. 42 అంతకు ముందు 42, విప్పిన తరువాత కూడా 42. నాలుగు పదుల రెండు అన్నా, మూడు పదుల పన్నెండు అన్నా ఒకటే సంఖ్య.

అప్పు అనే మాట ఊరికే పుట్టలేదు. తీసివేతకు మరొక పాత పద్ధతి ఉన్నది. అందులో పైన ఉన్న 2కు పది కలిపి 12 చేసి ఏడు తీసివేస్తారు. పైన పది కలిపినందుకు, క్రింద ఉన్న 1కి ఒకటి కలిపి 2 చేసి, 4లో నుండి ఆ 2ను తీసివేస్తారు. రెండు సంఖ్యలకూ పదే కలిపారు గనుక భేదం మారదు. జవాబు 25 సరిగానే వస్తుంది. ఇక్కడ పైన తెచ్చినది అప్పు, క్రింద కలిపినది తీర్చడం. కాబట్టి మాట అతికినట్లు ఉన్నది. పద్ధతి మారింది, మాట మిగిలింది. ఈ రెండు పద్ధతులను అమెరికాలో మూడవ తరగతి పిల్లలతో పోల్చి చూచి, విలియం బ్రౌనెల్, హెరాల్డ్ మోజర్ 1949లో ఒక గ్రంథం ప్రచురించారు. అర్థం బోధపరచి నేర్పినప్పుడు కట్ట విప్పే పద్ధతే పిల్లలకు బాగా తెలిసిందనీ, కొత్త లెక్కలకు కూడా దానిని వాడుకోగలిగారనీ వారు తేల్చారు. అర్థం చెప్పకుండా యంత్రంలాగా నేర్పితే ఆ ఆధిక్యం నిలవలేదు. పద్ధతి కంటె బోధనే ముఖ్యమన్నమాట.

ఈ పని విషయంలో తెలుగు పిల్లలకు మన భాష ఒక మేలు చేస్తున్నది. దానిని మనం సరిగా వాడుకోవడం లేదు.

మన సంఖ్యల పేర్లను పాత రూపాలలో వినండి. ఇరువది: ఇరు పది, రెండు పదులు. ముప్పది: మూడు పదులు. నలువది: నాలుగు పదులు. ఏబది: అయిదుకు పాత మాట ఏను, ఏను పదులు. అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది కూడా అట్టివే. ప్రతి మాట చివరా పది తన రూపం మార్చుకొని కూర్చుని ఉన్నది. కాలక్రమాన 'ఇరువది' అరిగి 'ఇరవై' అయింది, 'ముప్పది' 'ముప్పై' అయింది. దానితో లోపలి పది పిల్లవానికి వినిపించకుండా పోయింది. పదకొండు మొదలు పంతొమ్మిది వరకు కూడా పదే ముందు వస్తుంది: పదమూడు, పదిహేను, పదిహేడు. మాటలో ముందు పది, వెనుక ఒకట్లు. వ్రాతలో కూడా ఎడమ పది, కుడి ఒకట్లు. చెవికీ కంటికీ తగవు లేదు.

ఇతర భాషలలో ఈ సౌఖ్యం అంతటా లేదు. హిందీలో నూరు వరకు ఉన్న పేర్లన్నీ దాదాపుగా విడివిడిగా కంఠస్థం చేయవలసినవే. 29కి అక్కడి మాట 'ఉన్‌తీస్', అనగా ఒకటి తక్కువ ముప్పై. 59 'ఉన్‌సఠ్', ఒకటి తక్కువ అరవై. మాటలో అరవై వినబడుతుంది, వ్రాతలో 5 కనబడుతుంది. జర్మనులు 42ను 'రెండూ నలభై' అంటారు. ఫ్రెంచివారు 97ను 'నాలుగు ఇరవైలు పది ఏడు' అంటారు. ఇంగ్లీషులో 'ఎలెవెన్', 'ట్వెల్వ్' అనే మాటలలో పది వినబడదు. 'థర్టీన్'లో మూడు ముందు వస్తుంది. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' అనే రెండింటినీ మన పిల్లలు తికమక పడి 15కు బదులు 50 వ్రాయడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. అందరిలోనూ సుఖంగా ఉన్నవారు చీనావారు. వారికి పదకొండు అంటే 'పది ఒకటి', ఇరవై అంటే 'రెండు పది', నలభై రెండు అంటే 'నాలుగు పది రెండు'. అంతకు మించి నేర్వవలసిన మాట లేదు. జపాను, కొరియా దేశాలలో కూడా చీనా నుండి వచ్చిన ఈ పద్ధతే లెక్కలలో వాడుక.

1980ల దశకంలో ఐరీన్ మియూరా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ దేశాల పిల్లలకూ, అమెరికా పిల్లలకూ ఒకే పరీక్ష పెట్టారు. మొదటి తరగతి పిల్లలకు విడి ఘనాలు, పదేసి ఘనాలు అతికిన కడ్డీలు ఇచ్చి 42 వంటి సంఖ్యలను పేర్చి చూపమన్నారు. చీనా, జపాను, కొరియా పిల్లలలో ఎక్కువమంది నాలుగు కడ్డీలు, రెండు ఘనాలు పెట్టారు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలలో ఎక్కువమంది నలభై రెండు ఘనాలను ఒక్కొక్కటిగా పేర్చుకొంటూ పోయారు. భాష ఒక్కటే దీనికి కారణమని చెప్పలేము. ఇంటి అలవాట్లు, బడి పద్ధతి కూడా వేరు గదా. అయినా భాషకు ఇందులో పాలు లేదనడం కష్టం.

తెలుగు ఈ రెండింటికీ మధ్య ఉన్నది. లోపలి కట్టుబాటు చీనా వలె చక్కనిది, పైపూత మాత్రం అరిగిపోయినది. కాబట్టి రెండవ తరగతిలో కొన్ని రోజుల పాటు 42ను 'నలభై రెండు' అన్న వెంటనే 'నాలుగు పదుల రెండు' అని కూడా అనిపిస్తే చాలు, మాటలో నిద్రపోతున్న పది మేలుకొంటుంది. ఇప్పుడు చాలామంది పిల్లలు బడిలో ఇంగ్లీషులోనూ, ఇంటిలో తెలుగులోనూ అంకెలు వింటున్నారు. వారికి ఇది మరీ అవసరం. 'ఫార్టీ టూ' అని బడిలో చదివే పిల్లకు 'నాలుగు పదుల రెండు' అనేది తన ఇంటి భాషలో దొరికిన తాళంచెవి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్ల తెలుగులో లెక్కపెట్టరాదనే నియమం ఎవరు పెట్టినా వారు ఆ పిల్లకు మేలు చేయడం లేదు.

మన భాష కూడా ఒక చోట పిల్లవానిని తప్పుదారి పట్టిస్తుంది. 'నూట నాలుగు' వ్రాయమంటే చాలామంది పిల్లలు 1004 అని వ్రాస్తారు. నూరుకు 100 వ్రాశాడు, ప్రక్కన నాలుగు వ్రాశాడు. విన్నది విన్నట్లు వ్రాశాడు, పాపం! పదులు లేవనే సంగతి మాటలో ఎక్కడా లేదు. నోటికి అక్కరలేని ఆ 'లేదు'ను చేతితో వ్రాయవలసి రావడమే సున్న.

ఈ సున్న కోసమే మానవజాతి చాలా కాలం కష్టపడింది. బాబిలోనియావారు నాలుగు వేల సంవత్సరాల క్రితమే స్థానాన్ని బట్టి విలువ ఇచ్చే పద్ధతిని కనిపెట్టారు. వారి కట్ట పదిది కాదు, అరవైది; మన గంటలో అరవై నిమిషాలు వారి జ్ఞాపకమే. కాని ఖాళీ స్థానానికి గుర్తు లేక, మట్టి పలక మీద కొంచెం చోటు వదిలేవారు. చోటు వదిలారా, అక్షరం ఎడంగా పడిందా అనేది చదివేవాని ఊహకు విడిచారు. ఖాళీకి ఒక గుర్తు ఏర్పడినది క్రీ.పూ. 300 ప్రాంతంలోనే, అది కూడా సంఖ్య చివర వాడలేదు. రోమనులకు స్థానాలే లేవు. పదికి ఒక అక్షరం, ఏబదికి ఒకటి, నూటికి ఒకటి. శిల మీద చెక్కడానికి అది అందంగానే ఉంటుంది. ఆ అంకెలతో గుణకారం చేయమంటే తెలుస్తుంది బాధ.

ప్రతి స్థానం దాని ముందటి దానికి పది రెట్లు అనే సంగతిని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో చెప్పాడు. సున్నను కేవలం ఖాళీకి గుర్తుగా కాక, కూడడానికీ తీసివేయడానికీ పనికివచ్చే సంఖ్యగా తీసుకొని బ్రహ్మగుప్తుడు 628లో నియమాలు వ్రాశాడు. కాంబోడియాలోని ఒక శాసనంలో శక సంవత్సరం 605, అనగా క్రీ.శ. 683, మధ్యలో చుక్కతో చెక్కబడి ఉన్నది. ఆ చుక్కే సున్న. గ్వాలియరులోని చతుర్భుజ దేవాలయంలో 876 నాటి శాసనం ఉన్నది. దేవునికి ఇచ్చిన పూలతోట పొడవు 270 మూరలు, రోజుకు ఇవ్వవలసిన దండలు 50 అని అందులో వ్రాశారు. ఆ రెండు సంఖ్యల చివరా మనం ఇప్పుడు వ్రాసే సున్న వంటి గుండ్రని సున్న ఉన్నది. రాజుల సంగతి అటుంచితే, పూలదండల లెక్క వ్రాసిన గుమాస్తాకు కూడా స్థాన విలువ తెలిసి ఉండడం మెచ్చవలసిన విషయం.

ఈ విద్య బాగ్దాదు మీదుగా ఐరోపాకు చేరింది. అక్కడ దానికి వెంటనే స్వాగతం దొరకలేదు. 1299లో ఫ్లారెన్సు నగరంలో నాణేలు మార్చే వర్తకుల సంఘం తమ సభ్యులు లెక్కల పుస్తకాలలో ఈ కొత్త అంకెలను వాడరాదని కట్టడి చేసింది. తల పండిన వర్తకులే అంతగా జంకిన విద్యను మన చిన్నారులు పలక మీద వ్రాస్తున్నారు. 1004 వ్రాసిన పిల్లవానిని కోప్పడే ముందు ఈ మాట గుర్తుంచుకొంటే మేలు.

403 – 128 లెక్కను ఇప్పుడు పుల్లలతో చూద్దాము. పది కట్టలను చేర్చి కట్టిన పెద్ద మోపు వంద. నాలుగు మోపులు ఉన్నవి, విడి కట్టలు ఒక్కటీ లేవు, మూడు పుల్లలు ఉన్నవి. ఎనిమిది పుల్లలు ఇవ్వవలెనంటే మోపులో నుండి నేరుగా పుల్ల రాదు. మోపు విప్పితే కట్టలు వస్తవి. కట్ట విప్పితే పుల్లలు వస్తవి. మోపు విప్పగానే మూడు మోపులు, పది కట్టలు, మూడు పుల్లలు. ఒక కట్ట విప్పగానే మూడు మోపులు, తొమ్మిది కట్టలు, పదమూడు పుల్లలు. సున్న తొమ్మిది ఎందుకయిందో, 4 ఎందుకు 3 అయిందో ఇక బట్టీ పట్టవలసిన పని లేదు. ఈ అనుభవం చేతికి వచ్చిన తరువాతనే నల్లబల్ల మీద కొట్టివేతలు, చిన్న అంకెలు వ్రాయించవలెను. తొందరపడి వారం ముందుగా వ్రాయించినందువల్ల పోగొట్టుకొనేది ఒక్కొక్కప్పుడు ఆరేండ్ల చదువు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'నిపుణ్ భారత్' కార్యక్రమం మొదటి తరగతి చివరికి 99 వరకు, రెండవ తరగతి చివరికి 999 వరకు, మూడవ తరగతి చివరికి 9999 వరకు సంఖ్యలు చదవడం, వ్రాయడం రావలెనని లక్ష్యం పెట్టింది. సంఖ్యకు ఏటా ఒక అంకె పెరుగుతున్నది. కాని పెరిగే ప్రతి అంకె లోపలా జరిగే పని ఒక్కటే: పదింటిని కట్టడం, అవసరమైతే విప్పడం. రెండు అంకెలలో అది తెలిసినవానికి నాలుగంకెలు భారం కావు. దశాంశ బిందువుకు కుడి వైపున కూడా అదే ఆట. 5.2లో ఐదు నిండు పుల్లలు, పుల్లను పది ముక్కలు చేయగా వచ్చిన రెండు ముక్కలు. ఏడు ముక్కలు కావాలంటే ఒక పుల్లను విరవవలెను. అప్పుడు నాలుగు పుల్లలు, పన్నెండు ముక్కలు, 3.7 ఇచ్చివేస్తే మిగిలినది 1.5.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇక్కడ ఇంకొక మెట్టు ఎక్కవచ్చును. బీజగణితంలో తెలియని రాశిని మన పూర్వులు 'యావత్తావత్' అని, కుదించి 'యా' అని వ్రాసేవారు. మనమూ అట్లాగే వ్రాద్దాము. 42ను 4యా + 2 అనీ, 17ను యా + 7 అనీ అనుకొందాము. ఇక్కడ యా అంటే ఒక కట్ట; అందులో ఎన్ని పుల్లలు ఉన్నవో మనకు చెప్పలేదు. ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే ఎంత?

3యా – 5.

కట్టలో ఎన్ని ఉన్నవో తెలియదు గనుక విప్పి లెక్కించడానికి వీలు లేదు. అందుచేత ఐదు పుల్లల లోటు లోటుగానే నిలిచి ఉన్నది. యా స్థానంలో 10 వ్రాయండి: 30 – 5 = 25. రెండవ తరగతి పిల్లవాడు వ్రాసిన తప్పు జవాబు 35ను దీని ప్రక్కన పెట్టి చూడండి. అది 30 + 5. వాడు మూడు కట్టలను సరిగానే కనుగొన్నాడు, ఐదును కూడా సరిగానే కనుగొన్నాడు. ఆ ఐదు మిగులు కాదు, లోటు అనేది ఒక్కటే వానికి తెలియలేదు. ఋణ సంఖ్యల పాఠం రావడానికి ఇంకా నాలుగైదు సంవత్సరాలు ఉన్న పిల్లవానికి అది తెలియకపోవడంలో వింత లేదు.

యా విలువ పదే కానక్కర లేదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయా పైసలు వచ్చే వరకు మన దేశంలో రూపాయికి 16 అణాలు. అప్పటి బడి పిల్లలు 4 రూపాయల 2 అణాల నుండి 1 రూపాయి 7 అణాలు తీసివేసేటప్పుడు రూపాయి విప్పితే పదహారు అణాలు వచ్చేవి: జవాబు 2 రూపాయల 11 అణాలు. డజన్లలో అరటిపండ్లు అమ్మే అంగడిలో 4 డజన్ల 2 పండ్ల నుండి 1 డజను 7 పండ్లు పోతే 2 డజన్ల 7 పండ్లు. గడియారంలో 4 గంటల 2 నిమిషాల నుండి 1 గంట 7 నిమిషాలు పోతే 2 గంటల 55 నిమిషాలు. కట్టకు పదహారైనా, పన్నెండైనా, అరవైయైనా, అన్ని చోట్లా జవాబు 3యా – 5. మీ తరగతిలో ఎవరినైనా అడిగి చూడండి: ఈ లెక్కకు జవాబు సరిగా 2 కట్టలు, 1 పుల్ల కావలెనంటే కట్టలో ఎన్ని పుల్లలు ఉండవలెను?